గుంటగలగర పేరుతో రోడ్డు డివైడర్ల తీగను అంటగడుతున్నారు, కొనేవారు జాగ్రత్త

ఔషధ మొక్కలను ఇంటికే పంపుతామంటూ రోజుకో వీడియో పెట్టే ఆ నర్సరీ యజమాని ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. మా అత్తగారు తలనూనె కాచుకోవడానికి గుంటగలగర కావాలంటే మూడు మొక్కలకు 450 రూపాయలు, ఆపైన కొరియర్ ఖర్చు చెల్లించాను. వరి పొలాల గట్ల మీద, కాలువల పక్కన అడిగే దిక్కు లేకుండా పెరిగే మొక్కకు ఇంత డబ్బు పోసిన నా తెలివికి ఎవరైనా సన్మానం చేయదలిస్తే, శాలువా నేనే తెచ్చుకుంటాను.

మొక్కలు వచ్చినప్పుడు పూలు లేవు, ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అత్తగారు ఒక ఆకు తుంచి, అరచేతిలో నలిపి, కాసేపు చూసి, "చేతికి నలుపు అంటలేదేమమ్మా, ఇది గుంటగలగరేనా?" అని అడిగారు. అసలైన గుంటగలగర ఆకు పసరు గాలి తగిలిన కొద్దిసేపటికే నల్లబడుతుంది. ఇది పచ్చగానే ఆరిపోయింది. లేత మొక్కలు కదా అని ఆవిడకు సర్దిచెప్పింది కూడా నేనే. తర్వాత విచ్చుకున్నది రూపాయి బిళ్లంత పసుపు పువ్వు.

ఫోన్ చేస్తే ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "అది పసుపు గుంటగలగర మేడమ్, తెల్లదానికన్నా మేలు రకం, మీకు అదే ధరకు ఇచ్చాం" అన్నారు. నాకు ఒళ్లు మండినది ఇక్కడే, ఎందుకంటే ఆ మాటలో సగం నిజముంది. పసుపు పూల గుంటగలగర అనే మొక్క నిజంగానే ఉంది, వెడీలియా చైనెన్సిస్ అనే ఆ మొక్కను వైద్యంలో వాడతారు కూడా. అయితే ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం, భృంగరాజమని (గుంటగలగరకు సంస్కృతం పేరు) చెప్పేది తెల్ల పూల ఎక్లిప్టానే, అంటే మనం మామూలుగా చూసే గుంటగలగరనే. పైగా చైనెన్సిస్ ఆకు కోలగా, చీలికలు లేకుండా ఉంటుంది. నాకు వచ్చిన మొక్క ఆకు మందంగా, నున్నగా ఉండి, రెండు పక్కలా ఒక్కో మొన పొడుచుకొచ్చి, మూడు మొనలుగా కనిపిస్తుంది. అది స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి, ప్రపంచంలోకెల్లా చెడ్డవైన 100 చొరబాటు జాతుల జాబితాకెక్కిన తీగ. రోడ్డు డివైడర్లలో నేల కప్పడానికి పెంచుతారు.

ఈ తేడాను ఫొటోలతో సహా పంపితే, "నూనెలో వేసి మరిగించాక ఆకుకు మూడు మొనలుంటే ఏమిటి, ముప్పై ఉంటే ఏమిటి? మీకు బోటనీ పాఠాలు చెప్పే తీరిక మాకు లేదు" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టి, నా నంబరు బ్లాక్ చేశారు. ఆ మెసేజ్‌లో వెనక నుంచి ఎవరో నవ్వుతున్నది కూడా స్పష్టంగా వినిపిస్తోంది. డబ్బు పోతే పోయింది. ఒక పెద్దావిడ తలకు రాసుకునే నూనెలో ఏ ఆకు పడుతుందన్నది తనకు పట్టదని మందు మొక్కలు అమ్మే మనిషే తన నోటితో చెప్పడం మింగుడు పడడం లేదు. ఆయన వీడియోలో ఇప్పటికీ ఊగుతున్నది మాత్రం తెల్ల పూల మొక్కే.

కొనక తప్పకపోతే, మీకు పంపబోయే మొక్కనే పువ్వుతో సహా ఫొటో తీసి పంపమనండి. గుంటగలగర ఆకులు కాండానికి ఎదురెదురుగా, తొడిమ దాదాపు లేకుండా, సన్నగా, తడిమితే గరుకుగా ఉంటాయి. ఆకు పంగలో లేచే తెల్ల పువ్వు సెంటీమీటరుకు మించదు. పొడవాటి కాడ చివర ఒంటరిగా, మధ్యలో పసుపు, చుట్టూ తెల్ల రేకులున్న పువ్వు కనిపించి, విత్తనాలకు ఎగిరే దూది ఉంటే అది గడ్డిచామంతి, దాన్ని కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు. ఇప్పటికే పసుపు పూల తీగ మీ ఇంటికి చేరి ఉంటే పెరట్లో నాటకండి, పీకినదాన్ని బాగా ఎండబెట్టాకే పారేయండి, ఎందుకంటే కణుపున్న చిన్న ముక్క మట్టికి తగిలినా మళ్లీ వేరు పట్టేస్తుంది.