తిరుపతి నుంచి అండమాన్: ముందు పడవ టికెట్టు, తర్వాతే హోటలు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అండమాన్ బయల్దేరేవాళ్లలో ఎక్కువమంది మొదట చేసే పని ఫోన్‌లో గదులు వెతకడం. ఫొటోలో సముద్రం గుమ్మం ముందే ఉంటుంది, తగ్గింపు ఈ రాత్రి వరకే అని ఉంటుంది, డబ్బు కట్టేస్తారు. తర్వాత పడవ టికెట్టు చూస్తే ఆ రోజుకు సీట్లు ఉండవు. అక్కడ ప్రయాణాన్ని నడిపేది పడవే. ముందు విమానం, వెంటనే దీవుల మధ్య పడవలు, అవి ఖాయమయ్యాకే గదులు. ఈ వరుస తిరగబడితే ఏదో ఒక రాత్రి గది డబ్బు నీళ్లపాలవుతుంది.

మొదటిసారి వెళ్లే కుటుంబానికి ఐదు రాత్రులు సరిపోతాయి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హేవ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి, చివరిది మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో. హేవ్‌లాక్ పేరు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ పేరు షహీద్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ల నోట పాత పేర్లు ఉంటాయి కాబట్టి రెండూ గుర్తుండాలి. ఆ చివరి రాత్రిని మిగుల్చుకుందామని మాత్రం అనుకోవద్దు. పొద్దున నీల్‌లో పడవెక్కి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చని కాగితం మీద లెక్క కుదురుతుంది. గాలి లేచి పడవ రద్దయితే ఇంటిల్లిపాదికీ విమానం టికెట్లు మళ్లీ కొనాలి. ఒక గది అద్దె దానికంటే ఎంతో చవక.

కాలం విషయానికొస్తే జనవరి నుంచి ఏప్రిల్ వరకు మంచిది. సంక్రాంతి సెలవుల్లో వెళ్లాలంటే టికెట్లు దసరా నాటికే చూసుకోవాలి. వేసవి సెలవులైతే ఏప్రిల్ చివరి వారం మేలు. మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనాలు మన కంటే ముందు అక్కడికే చేరతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. అప్పుడు దీవుల్లో పడవలే కాదు, చెన్నైలో విమానాలూ ఆగిపోవచ్చు.

చెన్నై నుంచి విమానం రెండు గంటలకు కాస్త పైన. ఇబ్బందల్లా చెన్నై చేరడంలోనే. తిరుపతి బస్సు టికెట్టు తీసేటప్పుడు దిగే చోటు మాధవరమా, కోయంబేడా చూడండి. మాధవరం నగరానికి ఉత్తరపు కొస, విమానాశ్రయం దక్షిణాన. రాత్రివేళ అక్కడ దిగితే సామానుతో కారు వెతుక్కోవాలి. కోయంబేడు ఆనుకుని మెట్రో ఉంది, ఆలందూరులో మారితే విమానాశ్రయం. రైల్లో సెంట్రల్‌లో దిగినా మెట్రో ఉంది. అయితే ఉదయం విమానానికి ఆ పొద్దున తిరుపతిలో రైలెక్కితే అందదు. ముందు రోజే చెన్నై చేరడమో, అర్ధరాత్రి కారులో బయల్దేరడమో చేయాలి. కారైతే దారికి నాలుగు గంటలు పెట్టుకోండి. చిత్తూరువాళ్లకు ఈ విషయంలో సుఖం. రాణిపేట, శ్రీపెరుంబుదూరు మీదుగా వచ్చే రోడ్డు విమానాశ్రయం ఉన్న వైపుకే చేరుస్తుంది, నగరం మధ్యలోకి పోనక్కర్లేదు.

సామానులో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గుళ్లో కొట్టిన కొబ్బరి చిప్పలు ఎండినవి సంచిలో ఉండిపోతాయి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, మంటకు తొందరగా అంటుకుంటుంది. అందుకే విమానంలో దానికి అనుమతి లేదు, స్కానర్ దగ్గర సంచి విప్పిస్తారు. లడ్డూలతో ఇబ్బంది లేదు. ఊరగాయ సీసా చెక్-ఇన్ సామానులో, పవర్ బ్యాంకు చేతి సంచిలో పెట్టాలి. ఇవి తారుమారైనా ఆపుతారు.

దిగాక మొదట సరిచేసుకోవాల్సింది మన పొద్దుల లెక్క. తిరుపతి 79.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే పోర్ట్ బ్లెయిర్ 92.7 మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సుమారు 53 నిమిషాల తేడా, గడియారం మాత్రం ఒకటే. జనవరిలో సాయంత్రం ఐదున్నరలోపే పొద్దు గూకుతుంది. భోంచేసి, ఒక కునుకు తీసి ఐదింటికి హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచికి వెళ్దామనుకుంటే మిగిలేది చీకటే. మూడున్నరకల్లా అక్కడ ఉండాలి. మొదటి రోజు సెల్యులార్ జైలు చూడండి. 1906లో పూర్తయినప్పుడు ఏడు విభాగాలు, ఇప్పుడు నిలిచి ఉన్నవి మూడు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కచ్చితంగా చూడాల్సిందే. ఏ ఆట హిందీలోనో ఏది ఇంగ్లీషులోనో ముందే అడిగి టికెట్టు తీసుకోండి.

పడవలు రెండు రకాలు. మాక్రజ్, నౌటికా, గ్రీన్ ఓషన్ వంటి ప్రైవేటు పడవలు పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు సుమారు గంటన్నర నుంచి రెండు గంటల్లో చేరుస్తాయి. ప్రభుత్వ పడవకు రెండున్నర గంటల దాకా పడుతుంది, టికెట్టు బాగా తక్కువ. కానీ ఆ టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందే తెరుస్తారు, స్థానికుల అవసరం కూడా వాటి మీదే. తేదీలు బిగించుకుని వచ్చే కుటుంబానికి వెళ్లేటప్పుడు ప్రైవేటు పడవే సరైనది. అందులో ఒక లోపం ఉంది. ఎక్కువ వాటిలో మూసిన ఏసీ గదిలోనే కూర్చోవాలి, కడుపులో తిప్పేవాళ్లకు అది నరకం. అలాంటివాళ్లు పడవ మధ్యలో, కింది అంతస్తు సీట్లు ఎంచుకోవాలి. ప్రయాణపు మాత్ర ఎక్కడానికి అరగంట, గంట ముందే పడాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. పిల్లలకు మోతాదు ఊరిలోనే డాక్టరును అడిగి రాయించుకోండి. తినడం ఇడ్లీతో ఆపండి. టికెట్టు మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, మన ఇంటిపేర్ల పొట్టి అక్షరాల దగ్గరే తేడాలొస్తాయి. జెట్టీకి గంట ముందు చేరండి.

హేవ్‌లాక్‌లో గది విషయం కాస్త వివరంగా చెప్పాలి. గోవింద్ నగర్, విజయ్ నగర్ తీరాలు తూర్పున ఉన్నాయి, బసలు ఎక్కువగా అక్కడే. ఈ వైపు ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, బురద తేలతాయి. ఫొటోలన్నీ పోటు మీద తీసినవే. అక్కడ సూర్యోదయం అందంగా ఉంటుంది, ఈతకు మాత్రం కుదరదు. ఈతకు పడమటి తీరంలోని రాధానగర్‌కే వెళ్లాలి. కాబట్టి సముద్రం కనిపించే గది అని ఎక్కువ కట్టే బదులు జెట్టీకి, తిండికి దగ్గరగా ఉన్న శుభ్రమైన గది తీసుకుని, ఆ డబ్బుతో స్కూటర్ అద్దెకు తీసుకోవడం తెలివైన పని. అసలు లైసెన్సు దగ్గరుంచుకోండి. గది ఖాయం చేసేముందు ఫోన్ చేసి మూడు అడగండి: కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానేనా? పడవ రద్దయితే తేదీ మారుస్తారా? జెట్టీ నుంచి కారు పంపుతారా, దానికి ఎంత? రెండోదానికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

తిండికి బెంగ అక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో తమిళులు, తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఇడ్లీ, దోసె, సాంబారు దొరుకుతాయి. అబర్దీన్ బజారులోని అన్నపూర్ణ శాకాహారులకు నమ్మకమైన చోటు. హేవ్‌లాక్‌లో వంట బెంగాలీ, ఉత్తరాది పద్ధతి, కారం మనకు ఆనదు. పుట్నాల పొడి, ఒక పొట్లం కారప్పొడి తీసుకెళ్తే పెద్దవాళ్లు హాయిగా తింటారు. చేప తినేవాళ్లు బల్ల మీదికి వచ్చాక కాదు, వండకముందే లెక్క తేల్చుకోవాలి. ఏ చేప, ఎన్ని గ్రాములు, ధర పచ్చి చేప తూకానికా శుభ్రం చేసినదానికా, వంట కూలి కలిపేనా? వంజరం, చందువా మనకు తెలిసిన రుచులే. అక్కడ తాజా ట్యూనా, రెడ్ స్నాపర్ తినడం మేలు. ఎండ్రకాయకు తూకం ఎక్కువ, కండ తక్కువ.

యాప్‌ల మీద ఆధారపడడం చెన్నై దాకా సరే. బస్సుకు ఏపీఎస్ఆర్టీసీ యాప్, చెన్నైలో మెట్రో యాప్, విమానాశ్రయంలో వరుస తగ్గడానికి డిజియాత్ర. అండమాన్‌లో ఓలా, ఉబర్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఆటో ధర ఎక్కకముందే మాట్లాడుకోవాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక నెట్ చాలా మెరుగైంది. అయినా నీల్‌లో, బీచిల దగ్గర ఫోన్‌పే తిరుగుతూనే ఉండొచ్చు. మనిషికి రోజుకు వెయ్యి చొప్పున నగదు, అందులో వందలు, రెండొందల నోట్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో దీవుల పటం ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి. పడవ, హోటల్ టికెట్లు కాగితం మీద రెండు ప్రతులు ఉండాలి.

గాలి సిలిండరు తగిలించుకుని సముద్రంలో మునిగే స్కూబా చేయాలంటే ఈత రావక్కర్లేదు, పక్కనే శిక్షకుడు ఉంటాడు. ఉబ్బసం, గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్ ఉంటే దాచకుండా ఫారంలో రాయాలి, అది ప్రాణానికి సంబంధించిన విషయం. జలుబు ఉన్నా దిగొద్దు, చెవిలో ఒత్తిడి సరికాక పొర దెబ్బతింటుంది. డైవింగ్ తర్వాత 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు, కాబట్టి దాన్ని హేవ్‌లాక్ మొదటి రోజుకే పెట్టుకోండి.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలకు తెల్లవారుజామున మూడింటికే లేవాలి, రోజంతా పోతుంది. ఐదేళ్లలోపు పిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటే వదిలేయండి. ఆ దారి జారవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. వాళ్లను ఫొటో తీయడం, తినుబండారాలివ్వడం నేరం. చట్టం లేకపోయినా చేయకూడని పని అది. తిరిగి వచ్చేటప్పుడు సంచుల్లో పగడపు ముక్కలు, గవ్వలు పిల్లలు దాచలేదని చూసుకోండి. విమానాశ్రయంలో తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు.

ఆరు రోజులు దొరకనివాళ్లకు మన తిరుపతి జిల్లాలోనే ఒక దీవి ఉంది, పులికాట్ సరస్సులోని ఇరకం. తడ దగ్గర బి.వి.పాలెం నుంచి పడవ. నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్తే దారిలో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడకొంగలు కూడా చూడొచ్చు. దుర్భిణి, నీళ్లు, మధ్యాహ్నపు చద్ది కట్టుకెళ్లండి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. తిరుగు పడవ ఎన్ని గంటలకో దిగేముందే సరంగును అడిగి ఖాయం చేసుకోండి.