పాత ఆటోమేటిక్ కారు: గేర్‌బాక్స్ రీబిల్డ్ చేయించాలా, సెకండ్ హ్యాండ్‌ది వేయించాలా?

గేర్లు జారుతున్నాయనగానే గేర్‌బాక్స్ పోయిందని తేల్చేయకండి. ఆయిల్ తగ్గినా, సోలెనాయిడ్ (ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్) పాడైనా ఇలాగే ఉంటుంది. స్కానర్‌లో పీ0700 అనే ఎర్రర్ కోడ్ వచ్చిందంటే ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో అసలు కోడ్ వేరే ఉందని అర్థం. అది చదవకుండానే రేటు చెప్పే మెకానిక్ దగ్గర బండి వదలొద్దు. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తూ, పాన్‌లో (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) లోహపు ముక్కలు కూడా కనిపిస్తే మాత్రం సాధారణంగా మిగిలేవి ఈ రెండు దారులే: ఉన్నదాన్నే విప్పి అరిగిన భాగాలు మార్పించడం (రీబిల్డ్), లేదా సెకండ్ హ్యాండ్‌ది వేయించడం.

ఖర్చు: రీబిల్డ్‌కు ఎక్కువ, విప్పాక ఇంకా పెరగొచ్చు. సెకండ్ హ్యాండ్‌కు సాధారణంగా తక్కువ, ముందే తెలుస్తుంది.

సమయం: రీబిల్డ్‌కు వారాలు పట్టొచ్చు. రెండోది, సరుకు దొరికితే త్వరగా అయిపోతుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. రీబిల్డ్‌లో క్లచ్ ప్లేట్లు, సీళ్లు కొత్తవి పడతాయి. మిగతాదంతా పనివాడి చేతిలో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌ది ఎంత తిరిగిందో, ఆయిల్ ఎప్పుడు మార్చారో చాలాసార్లు తెలియదు. పైగా మోడల్ ఒకటే అయితే చాలదు, గేర్‌బాక్స్ రకాన్ని తెలిపే కోడ్ కూడా కలవాలి. ఏది వేయించినా ఆయిల్ కూలర్, దాని పైపులు శుభ్రం చేయించండి. లేకపోతే అందులోని పాత రజను కొత్తదాన్నీ తినేస్తుంది.

ఇంజిన్, బాడీ గట్టిగా ఉండి ఇంకొన్నేళ్లు వాడాలనుకుంటే రీబిల్డే నయం, వారంటీ కాగితం మీద రాయించుకోండి. ఏడాదిలో అమ్మేసే బండికి సెకండ్ హ్యాండ్‌ది చాలు. ఆ ఖర్చు కూడా కారు విలువను దాటితే ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయండి.