చేతులు బాగున్నాయి, కాళ్లే ముంచాయి

అమ్మ వృద్ధాశ్రమంలో చేరి మూడేళ్లు దాటింది, ఈ కుర్చీకీ అంతే వయసు. టేకు చట్రం, ఎత్తు వీపు, రెక్సిన్ సీటు, అవన్నీ మామూలే. రాయాల్సింది చేతుల గురించి. సీటు అంచు దాటి కాస్త ముందుకొచ్చి, చివర గుండ్రంగా, పిడికిట్లో ఇమిడేంత లావు ఉంటాయి. మా ఇంట్లో సోఫాకీ చేతులున్నాయి గానీ దిండ్లలా మెత్తగా, లేవబోతే పట్టు దొరకదు, అందుకే రోజుకు పదిసార్లు "ఒరేయ్, కాస్త చెయ్యివ్వరా" అని పిలిచేది. ఇక్కడ కొంచెం ముందుకు జరిగి, పాదాలు సీటు కిందికి లాక్కుని (ముందు కాళ్ల మధ్య అడ్డచెక్క పెట్టనిది ఇందుకే), రెండు చేతులూ నొక్కి లేస్తుంది. ఎవరినీ పిలవకుండా బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చిందని ఆయమ్మ ఫోన్ చేసి చెప్పిన రోజు నుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఈ కుర్చీయే కొనమన్నాను.

ఆ మాటలో కొంత వెనక్కి తీసుకోవాలి. సీటు ఎత్తు 19 అంగుళాలు. మోకాళ్ల నొప్పులకు ఎత్తు సీటే మంచిదని తెచ్చాను, అమ్మేమో 4 అడుగుల 10 అంగుళాలు. మడమలు నేలకానవు, సీటు అంచు తొడల కింద ఒత్తుకుని సాయంత్రానికి పాదాలు పొంగేవి. వడ్రంగిని పిలిచి నాలుగు కాళ్లూ అంగుళంన్నర కోయించాను. కోసిన ముక్కలతో పాటే రబ్బరు బుష్షులూ పోయాయి. వాటి బదులు అతను నున్నటి ప్లాస్టిక్ బిళ్లలు కొట్టాడు, టైల్స్ మీద గీతలు పడవులే అని నేనూ సంతోషించాను.

వారం తిరక్కుండానే, పొద్దున గదిలో తడిగుడ్డ పెట్టిన కాసేపటికి అమ్మ లేవబోయి చేతులు నొక్కింది, కుర్చీ వెనక్కి జారింది, మనిషి నేల మీద కూలబడింది. అదృష్టం, ఎముక విరగలేదు. కానీ రెండు నెలలు ఆ కుర్చీ ఎక్కలేదు, భోజనం కూడా మంచం మీదే.

చివరికి మందుల షాపులో చేతికర్రలకు తొడిగే రబ్బరు బుష్షులు కొన్నాను, కాళ్లు గుండ్రటివి కాబట్టి సరిపోయాయి (మందం కొలుచుకుని వెళ్లండి, నేను రెండుసార్లు తిరిగాను). వీపు గోడకు ఆనించి వేశాం. ఏడెనిమిది నెలలకు అరిగిపోతాయి, మారుస్తుండాలి. వెళ్లగానే కుర్చీని పక్కకు వంచి కాళ్లు చూస్తాను, "ముందు దాన్ని పలకరించి తర్వాత నా దగ్గరికొస్తాడు" అని అమ్మ సణుగుడు.

రెక్సిన్ తుడవడానికి సులువు, ఎండాకాలం మాత్రం చీరకు అంటుకుంటుంది, తువ్వాలు పరిస్తే జారుతుంది.

మాకైతే పనికొచ్చింది. అమ్మ బరువు 50 కిలోలే, మణికట్లు ఇంకా గట్టివి. పక్కగది పిన్నిగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి ఆడదు, నా మాట మీద వాళ్లబ్బాయి ఇదే కొన్నాడు. ఆవిడ కుడిచేత్తో నొక్కితే కుర్చీ పక్కకు తిరిగిపోతోంది, ఇప్పటికీ ఆయమ్మే లేపుతోంది.