మూడు సిస్టమ్‌లకు ఒకే డ్రైవ్: ఎక్స్‌ఫ్యాట్‌కే నా ఓటు

నాది లినక్స్, మా ఆవిడది మ్యాక్, ఆఫీసు వాళ్లిచ్చింది విండోస్. కొత్త డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో వచ్చింది, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే విండోస్ పద్ధతిలో. మ్యాక్‌కి పెడితే ఫైళ్లన్నీ కనిపిస్తాయి, కొత్తది ఒక్కటీ ఎక్కదు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేశా. పాప డ్యాన్స్ వీడియో 11 జీబీ. 4 జీబీ నిండితే అది ఫైల్‌ని ముట్టుకోదు కదా!

ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి మార్చాక మూడింటిలోనూ హాయిగా నడుస్తోంది. లినక్స్‌కి 2020 నాటి 5.7 కెర్నల్‌తో (లినక్స్ మూలభాగం) దీన్ని నడిపే మంచి డ్రైవర్ వచ్చింది, నేను విడిగా ఏమీ వేయలేదు.

జర్నలింగ్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు, లేకపోవడమే దీని లోటు. మొన్న కాపీ అవుతుండగా పాప కేబుల్ లాగేసింది. మళ్లీ పెడితే కొన్ని ఫోటోలు సున్నా సైజులో కనిపించాయి. అప్పటినుంచి ఎజెక్ట్ కొట్టందే కేబుల్ తీయను, బ్యాకప్‌కి వేరే డ్రైవ్ వాడుతున్నా. అన్నట్టు, ఫార్మాట్ చేస్తే పాతవన్నీ పోతాయి, ముందే పక్కకి తీసుకోండి.