తీగ మేలా, వైర్‌లెస్ మేలా?

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1878 మార్చిలో టెలిఫోన్ పెట్టుబడిదారులకు రాసిన లేఖలో, నగరాలలో నీటి గొట్టాలూ గ్యాసు గొట్టాలూ ఇంటింటికీ వెళ్తున్నట్లే తీగలు కూడా ఒక కేంద్రం నుంచి ఇళ్లకూ దుకాణాలకూ వెళ్తాయనీ, ఆ కేంద్రాలను ఊరికీ ఊరికీ కలిపితే దేశంలో ఒక మూలనున్న మనిషి మరో మూలనున్న మనిషితో నోటిమాటగా మాట్లాడగలడనీ ఊహించారు. 1882లో మద్రాసు ఎర్రబాలు చెట్టి వీధిలో అలాంటి కేంద్రమే, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, వెలిసింది. విద్యుత్ రంగ ఆవిష్కర్త నికోలా టెస్లా నమ్మకం మాత్రం వైర్‌లెస్ మీదే. అది సంపూర్ణంగా అమలైననాడు భూగోళమంతా ఒక పెద్ద మెదడవుతుందనీ, దూరాన ఉన్నవారిని చూస్తూ మాట్లాడే పరికరం జేబులో ఇమిడిపోతుందనీ ఆయన 1926లో చెప్పారు.

మా అక్క అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం), నేను చెన్నైలో ఉంటున్నందువల్ల ఈ రెండు ఊహల మధ్య తేడా నాకు అనుభవంలోకి వచ్చింది. 2020కి ముందు ద్వీపాలకు ఉపగ్రహమే ఆధారం. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి దిగిరావడానికి మాటకు పావు సెకను పడుతుంది; జవాబుకు మరో పావు సెకను. ఆ సందులో ఆమె మాటకు నా మాట అడ్డుపడేది, ఇద్దరమూ ఒకేసారి ఆగిపోయేవాళ్లం. ఆ ఏడాది ఆగస్టు 10న, చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబుల్ ప్రారంభమైంది. అందులో మాట పోర్ట్ బ్లెయిర్ చేరడానికి సెకనులో నూరో వంతు కూడా పట్టదు. ఇప్పుడు అక్క నిట్టూర్పు కూడా సమయానికి వినిపిస్తుంది.

జేబులో ఫోన్ ఉంది కనుక టెస్లాయే గెలిచారని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మన సెల్‌ఫోన్ సాధారణంగా దగ్గరలోని టవర్ వరకే వైర్‌లెస్. ఆ తరువాతి దూరంలో ఎక్కువ భాగాన్ని మోసేది నేల కిందో సముద్రం కిందో ఉన్న ఫైబరే, అంటే వెలుగుతో మాటను మోసే గాజు పోగుల తీగే.

అయినా ఆపద వేళ లెక్క మారుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అప్పటికే పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఉన్న హ్యామ్ రేడియో (ఔత్సాహికులు సొంత సెట్లతో నడిపే రేడియో) బృందం, మామూలు ఫోన్లు మూగబోయిన వేళ మెయిన్‌ల్యాండ్‌కు క్షేమ సమాచారాలు అందించింది. ఒక యాంటెన్నా, ఒక బ్యాటరీ, తెలిసిన చేయి ఉంటే చాలు. ఆ పని ఏ కేబులూ చేయగలిగేది కాదు.

కాబట్టి నిత్యజీవితానికి తీగే మేలని నా అభిప్రాయం. అదీ వెలుగును మోసే తీగ. బెల్ 1880లోనే వాషింగ్టన్‌లో ఎండ కిరణం మీద మాటను రెండు వందల మీటర్లకు పైగా పంపి, ఆ ఫోటోఫోన్‌ను టెలిఫోన్ కంటే గొప్పదిగా భావించారు. మబ్బు పట్టినా మంచు కురిసినా అది పనిచేయలేదు. ఆ వెలుగునే నేడు గాజు పోగులో దాచి, వానా గాలీ తాకకుండా నడుపుతున్నాం. కానీ అండమాన్ సముద్రగర్భం భూకంపాల చోటు. కేబుల్ వచ్చింది కదా అని అక్కడి ఉపగ్రహ కేంద్రాలనూ హ్యామ్ సెట్లనూ మూలన పడేయకూడదు.