కంబోడియా పల్లెలో వలంటీరు ఇంగ్లీషు టీచరు: రెండేళ్ల తర్వాత సమీక్ష

సియెం రీప్ పట్నం దాటాక వరిపొలాల మధ్య ఉండే పల్లెల్లో, జీతం లేకుండా ఇంగ్లీషు చెప్పే పని గురించి ఈ సమీక్ష. రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు చూశాక రాస్తున్నది.

మొదటి వారం తెలుగువాళ్లకు అంతా సొంతూరులాగే ఉంటుంది. మూడు పూటలా అన్నం, పులుసులో చింతపండు, చేతులు జోడించి నమస్కారం, స్నానానికి తొట్టి నీళ్లు. టీచరును పిలిచే 'క్రూ' మన గురువే. వారాల పేర్లు ఆదిత్, చాన్, అంకియ, పుట్ అని వినగానే ఆదిత్య, చంద్ర, అంగారక, బుధ అని పోల్చుకోవచ్చు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు పడే అవస్థల్లో సగం మనకు లేవు. మనకు దెబ్బ తగిలేది, అచ్చం మనదే కదా అని అలవాటు కొద్దీ చేసేసే పనుల్లో.

అన్నిటికన్నా ముందు ఉచ్చారణ. కంబోడియా ప్రజల్నీ, వాళ్ల భాషనూ ఖ్మేర్ అంటారు. ఖ్మేర్ పిల్లలు ఇంగ్లీషు మాటల చివరి హల్లును మింగేస్తారు. రైస్, రైడ్, రైట్ మూడూ 'రై' అయిపోతాయి. లైక్ 'లై' అవుతుంది, హౌస్ 'హౌహ్' అవుతుంది. ఇది అశ్రద్ధ కాదు. వాళ్ల భాషలో మాట చివర 'స్' రాసి ఉన్నా 'హ్' అనే పలుకుతారు. ట్, ప్, క్ లను నోట్లోనే ఆపేస్తారు, గాలి బయటికి రాదు. మన తప్పు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది: చివర అచ్చు చేర్చకుండా ఉండలేం. బస్సు, రైసు, బుక్కు. పిల్లల్ని సరిదిద్దబోయి మనం గట్టిగా 'రైసు' అంటే క్లాసంతా ఒక్క గొంతుతో 'రై-సూ' అని నేర్చుకుంటుంది. దాన్ని వదిలించడానికి నెలలు పడుతుంది.

బాగా పనిచేసిన పద్ధతి, చివరి హల్లును తర్వాతి మాటకు అతికించడం. 'రైస్ ఈజ్' అనేదాన్ని బోర్డు మీద 'రై | సిజ్' అని విడగొట్టి రాయాలి. మాట మొదట్లో 'స' పలకడం వాళ్లకు ఏమాత్రం కష్టం కాదు. అలా 5 సార్లు అనిపించాక రెండో ముక్కలో 'ఇజ్'ను చేత్తో మూసి, 'స్' దగ్గరే ఆపించాలి. ట్, ప్, క్ లకైతే పెదాల ముందు పల్చటి కాగితం ముక్క పట్టుకుని, అది కదిలేలా పలకమనాలి. రోజుకు 5 నిమిషాలు, 6 మాటలు చాలు. అంతకుమించితే ఆట పోయి శిక్ష అవుతుంది. ఇదంతా మొదలుపెట్టే ముందు మన గొంతును ఫోన్లో రికార్డు చేసుకుని, చివర 'ఉ' వినిపిస్తోందేమో చూసుకోవాలి. 'ఎగ్'ను 'యెగ్' అనడం, పడమరకు ఇంగ్లీషు మాట west నూ, బనియనుకు ఇంగ్లీషు మాట vest నూ ఒకేలా పలకడం కూడా మన ఖాతాలోవే. ఈ రెండో తప్పును పిల్లలు పట్టుకోలేరు, ఎందుకంటే వాళ్లకూ ఆ రెండు శబ్దాలకు ఒకటే అక్షరం.

వ్యాకరణంలో చిక్కు వేరు. ఖ్మేర్‌లో కాలాన్ని బట్టి క్రియ రూపం మారదు, బహువచనానికి ప్రత్యయం ఉండదు, 'పెద్ద ఇల్లు' అనడానికి 'ఇల్లు పెద్ద' అంటారు. 'నిన్న' అని ఒకసారి చెప్పాక క్రియను కూడా మార్చడం పిల్లలకు దండగ పనిలా తోస్తుంది. మన భాషలో క్రియ మారుతుంది కాబట్టి, వాళ్లకు అది ఎందుకు తట్టడం లేదో మనకు వెంటనే అర్థం కాదు. బోర్డును నిలువుగా మూడు గళ్లు చేసి నిన్న, ఇవాళ, రేపు అని పెట్టి ఒకే క్రియను మూడు గళ్లలోనూ రాయించడం మంచిది. 'అర్థమైందా?' అని అడిగితే అందరూ తల ఊపుతారు. అది మర్యాద. అడిగే బదులు ఏదైనా చేయించి చూడాలి.

సర్కారు బడులు ఎక్కువగా పూటబడులు: పొద్దున 7 నుంచి 11, లేదా మధ్యాహ్నం 1 నుంచి 5. పిల్లలు ఖాళీగా ఉండే పూటే మన క్లాసు, అంటే ఒకే పాఠం రోజుకు రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. మే నుంచి అక్టోబరు దాకా వానలు, అవీ ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. రేకుల కప్పు మీద జడివాన పడుతుంటే ముందు వరసకు కూడా మాట వినిపించదు. గొంతు చించుకోవద్దు. బొమ్మ చూసి రాసే పనులు, జతకట్టే కార్డులు 40 నిమిషాలకు సరిపడా ఒక ప్లాస్టిక్ ఫైల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే 'ప్చుం బెన్' 15 రోజుల పితృపక్షం. దాదాపు మన మహాలయ పక్షాల రోజులే, 'బెన్' అంటే పిండమే. అప్పుడూ, ఏప్రిల్ మధ్యలో కొత్త సంవత్సరానికీ, కోతల రోజుల్లోనూ హాజరు పడిపోతుంది. ఆ ముందు వారం కొత్త పాఠం ఎత్తుకోకూడదు.

నీళ్ల విషయంలో రాజీ వద్దు. పల్లెల్లో దొరికే మట్టికుండ ఫిల్టరు మంచి వస్తువు. బంకమట్టిలో ఊక పొడి కలిపి కాలుస్తారు. ఊక కాలిపోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి, పైన వెండి ద్రావణం పూస్తారు. గంటకు 1 నుంచి 3 లీటర్లు కారుతుంది. బురద నీళ్లయితే రాత్రంతా తేర్చి, గుడ్డతో వడగట్టి పోయాలి. ధార తగ్గితే కుండ లోపల బ్రష్‌తో, ఉత్త నీళ్లతోనే రుద్దాలి, సబ్బు పెట్టకూడదు. కడిగేటప్పుడు కుండ అడుగు నేలకు తగలకూడదు. ధార ఉన్నట్టుండి పెరిగితే సంతోషించకండి, కుండ పగిలిందని అర్థం. చాలామంది మర్చిపోయేది కింది బకెట్టు: కుండకు సబ్బు వద్దు, బకెట్టుకు, కుళాయికి తప్పనిసరి. ఈ ఫిల్టరు ఆర్సెనిక్‌ను ఆపదు. మెకాంగ్ ఒడ్డున కండాల్, ప్రే వెంగ్ వైపు బోరు నీళ్లలో అది ఉంది. నల్లగొండలో ఫ్లోరైడ్ లాగే కంటికి కనిపించదు, మరిగించినా పోదు. అటువైపు పని దొరికితే బోరు నీళ్లు తాగకండి, వాననీళ్లు గానీ 20 లీటర్ల డబ్బా నీళ్లు గానీ వాడండి.

వంటలో మొదటి పొరపాటు అన్నమే. సోనా మసూరికి పోసినట్టు గ్లాసుకు రెండు గ్లాసులు పోస్తే అక్కడి మల్లె బియ్యం జావ అవుతుంది. గ్లాసుకు గ్లాసుంపావు, కొత్త బియ్యమైతే గ్లాసుకు గ్లాసే. శాకాహారులకు మాంసం మానడం తేలికే. కష్టమల్లా చేపల రసం 'టెక్ త్రెయ్', పులియబెట్టిన చేపల ముద్ద 'ప్రహోక్'. కూరగాయల వంటల్లోనూ ఇవి పడతాయి. 'మాంసం వద్దు' అంటే చాలదు, 'మ్హోప్ బువొహ్' అనాలి. సన్యాసుల తిండి, అంటే పూర్తి శాకాహారం. తూటికూర, టోఫు, పచ్చిమామిడి, చింతపండు ఎక్కడైనా దొరుకుతాయి. పల్లె సంతలో కందిపప్పు, ఆవాలు, ఇంగువ దొరకవు, తెచ్చుకోవాల్సిందే. పెసరపప్పు దొరుకుతుంది, దాంతో నెట్టుకురావచ్చు. చిన్న గ్యాస్ డబ్బాల పొయ్యి కొంటే, మళ్లీ నింపి అమ్మే డబ్బాలు మాత్రం వద్దు, అవి పేలే ప్రమాదం ఉంది.

రోడ్డు మీద కుడివైపు నడుపుతారు. బండి నడిపేటప్పుడు గుర్తుంటుంది, నడిచి దాటేటప్పుడే మర్చిపోతాం. ప్లగ్గులు రెండు పిన్నులవి, మన మూడు పిన్నులవి పట్టవు. బజారులో డాలరుకు 4,000 రియల్ లెక్క. కాస్త చిరిగిన డాలరు నోటును ఎవరూ తీసుకోరు. నమస్కారంలో చేతుల ఎత్తు ముఖ్యం: తోటివాళ్లకు ఛాతీ దగ్గర, పెద్దలకు నోటి దగ్గర, తల్లిదండ్రులకు, గురువులకు ముక్కు దగ్గర, భిక్షువులకు కనుబొమల దగ్గర. ముద్దుగానైనా పిల్లల తల నిమరకూడదు.

డెంగీ దోమ పగలే కుడుతుంది, రాత్రి దోమతెర ఒక్కటే సరిపోదు. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోకండి. పల్లె కుక్కలు ఎక్కువ. రేబిస్ టీకా ముందే వేయించుకుని వెళ్లడం మేలు.

బడిని ఎంచుకునేటప్పుడు అనాథాశ్రమం అని ఉంటే వద్దనండి. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. వచ్చిపోయే వలంటీర్ల కోసం పిల్లల్ని ఇంటికి దూరం చేసే పనిలో మన చెయ్యి ఉండకూడదు. పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయే బడి, మీరు వెళ్లిపోయాక పాఠం కొనసాగించే స్థానిక టీచరు ఉన్న బడి చూసుకోండి. వీసా పర్యాటకుల 'టీ' రకం కాకుండా 'ఈ' రకం తీసుకోవాలి; మొదటిది ఒక్క నెలే పొడిగిస్తారు, రెండోది 12 నెలల దాకా పొడిగించుకోవచ్చు. ఆ ఖర్చు, వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరు పెడతారో బడివాళ్ల చేత ముందే రాయించుకోండి. గడువు దాటితే రోజుకు 10 డాలర్ల జరిమానా మీ జేబులోంచే పోతుంది.