ఇర్విన్ తరహా పాతకాలపు బేస్‌బాల్ గ్లవ్: అరచేతికి అభయం, వేళ్లకు కాదు

1880ల నియమాలతో ఆడే జట్ల కోసం ఇప్పుడు కుట్టి అమ్ముతున్న నకలు గ్లవ్‌లు రెండు రకాలు. ఒకటి వేళ్ల దగ్గర సగానికి కోసేసి, రెండు చేతులకూ జోడీగా వచ్చేది. రెండోది అయిదు వేళ్లనూ కప్పుతూ, అరచేతిలో మెత్త పెట్టినది. దీన్ని ఆర్థర్ ఇర్విన్ పేరుతో పిలుస్తారు. ఈ సమీక్ష రెండోదాని గురించే. చూపుకు బాగుంటుంది, అరచేతి మంట బాగా తగ్గిస్తుంది. వేలు విరగకుండా కాపాడుతుందని మాత్రం నమ్మకండి.

ఇర్విన్ అమెరికాలోని ప్రావిడెన్స్ గ్రేస్ జట్టు షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల నడుమ నిలిచి బంతులు ఆపేవాడు. 1880ల నడుమ ఎడమచేతి వేళ్లు రెండు విరిగితే, ఇంట్లో కూర్చోకుండా పెద్ద సైజు జింకతోలు డ్రైవింగ్ గ్లవ్ ఒకటి తెచ్చి లోపల మెత్త కుక్కించి, కట్టు పట్టేలా పక్కపక్కనున్న రెండు వేళ్ల తొడుగులను కలిపి కుట్టించాడు. అంటే ఇది గాయం రాకుండా చేసింది కాదు, వచ్చాక ఆడటానికి చేసింది. ఆ తేడా గుర్తుంటే కొన్నాక నిరాశ ఉండదు.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఆ కలిపి కుట్టిన చోటే. చాలా నకళ్లలో అది అలంకారానికి పైపైన వేసిన కుట్టు మాత్రమే, రెండు వేళ్లూ లోపల విడివిడిగానే కదులుతాయి. నిజంగా కలిసి ఉండాలంటే నడుమ గోడ ఉండకూడదు, మందపాటి కట్టుతో వేళ్లు రెండూ దూరాలి. రెండోది మెత్త. ఊలు ఫెల్ట్ అయితే ఆడేకొద్దీ అణిగి అరచేతి ఆకారం పడుతుంది. స్పాంజి అయితే బంతిని వెనక్కి తన్నుతుంది, చేతిలో ఆగదు. మూడోది బరువు. 1895 నియమం, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్లూ మొదటి బేస్ దగ్గర నిలిచేవాళ్లూ కాని వాళ్ల గ్లవ్ 10 ఔన్సులు, అంటే సుమారు 283 గ్రాములు మించకూడదని, అరచేతి చుట్టుకొలత 14 అంగుళాలు దాటకూడదని చెప్పింది. తూచి చూడండి. అంతకు మించితే అది ఆ కాలపుది కాదు, పాత రంగు పూసిన కొత్త గ్లవ్.

ఇక పట్టడం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వల ఉండదు. అది 1920 ప్రాంతంలో, బంతి విసిరే ఆటగాడు బిల్ డోక్ పేరిట వచ్చిన గ్లవ్‌తో కలిగిన సౌకర్యం. ఈ గ్లవ్‌తో ఒంటిచేత్తో పట్టబోతే బంతి ఆ సందులోంచి జారిపోతుంది, లేదా బొటనవేలిని వెనక్కి విరుస్తుంది. అరచేతి నడుమకే తీసుకుని రెండో చేయి వెంటనే మూయాలి. నేలబంతికి వేళ్లు కిందికి, ఛాతీ దాటిన బంతికి పైకి. తడబడి వేళ్ల కొనలను బంతికి ఎదురుపెట్టారా, అయిపోయారు.

ఈ గ్లవ్ ఏమీ చేయలేని గాయం అదే. సుమారు 145 గ్రాముల బంతి నిటారుగా వేలి కొనకు తగిలితే, వేలిని చాచే టెండన్ తెగి కొన కీలు వాలిపోతుంది. దానికి వైద్యంలో ఇప్పటికీ 'బేస్‌బాల్ ఫింగర్' అనే పేరు. కొనను చాచి ఉంచే బద్ద 6 నుంచి 8 వారాలు తీయకుండా కట్టాలి. మధ్యలో ఒక్కసారి వంగినా లెక్క మొదటికి వస్తుంది. ఆటగాడికి అంత సమయం ఎక్కడిది? పైగా ఇష్టం వచ్చినప్పుడు మనిషిని మార్చుకునే నియమం 1891లో గానీ రాలేదు. దెబ్బ తిన్న వేలితో ఆడి, అది వంకరగా అతుక్కుంటే విసిరే పట్టు పోతుంది. ఇంకో సంగతి, కుడిచేతికి గ్లవ్ ఉండదు. బేస్‌ల దగ్గర నిలిచే ఇన్‌ఫీల్డర్ బంతి ఆపేది రెండు చేతులతో.

గ్లవ్ వేసుకోని వాళ్లూ నిలిచారనే వాదన ఒకటుంది. సిన్సినాటి జట్టులో రెండో బేస్ దగ్గర ఆడిన బిడ్ మెక్‌ఫీ చేతులు ఉప్పునీళ్లలో నానబెట్టి గట్టిపరుచుకుని 1896 దాకా ఉత్తచేతులతో ఆడాడు. నిజమే. కానీ గ్లవ్ తొడిగిన ఆ ఏడాదే అతని ఫీల్డింగ్ సగటు (తనకు వచ్చిన అవకాశాల్లో తప్పు లేకుండా ముగించినవాటి వంతు) .978కి ఎక్కింది. మొండితనం అతన్ని చెడగొట్టలేదు, అంతే.

జాగ్రత్తలు తక్కువే. తోలుకు పట్టించే నీట్స్‌ఫుట్ ఆయిల్ గుడ్డకు నాలుగు చుక్కలు వేసి తుడవండి, ముంచకండి. నూనె తాగిన జింకతోలు సాగి, కుట్టు రంధ్రాలు పెద్దవై, మెత్త ఒకవైపుకు జరుగుతుంది. తడిస్తే నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే బిగుసుకుపోతుంది. సైజు విషయంలో బిగుతైనదే తీసుకోండి. వదులైనదైతే బంతి తగిలిన క్షణంలో చేయి లోపల తిరిగి, మెత్త లేని పక్క దెబ్బ తింటుంది. విరిగిన వేలికి కట్టు కట్టి ఆడాలనుకునేవాళ్లు, ఇర్విన్ సంగతి ఎలా ఉన్నా, ముందు ఎక్స్‌రే తీయించుకోండి.